పులిమగ్గం దరువు

రాజన్న సిరిసిల్ల జిల్లా, సిరిసిల్ల పట్టణం, గాంధీనగర్ కాపురస్తుడను, కీర్తిశేషులు ఆడెపు లింగయ్య గారి కుమారుడను, వయస్సు డెబ్బై ఎనిమిది సంవత్సరాలు, బతుకుదెరువు నేత, మనసు పెట్టింది యక్షగానాల మీద, ఆడెపు వెంకటేశం అను నేను ఎవరి బలవంతమూ లేకుండా, నా పూర్తి ఇష్టంతో రాయించుకుంటున్న వీలునామా ఇది.

నా బుద్ధి స్థిమితంగా ఉంది. చెవులు కొంత తగ్గాయి గాని, తాళం తప్పితే ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంకొక సంగతి కూడా ఇక్కడే నమోదు చేయాలి. ఆరేళ్ల క్రితం కళాకారుల మీద వేసిన ఒక సంచికలో నా పేరు ముందు ‘కీ.శే.’ అని అచ్చయింది. మనుమరాలు ఆ పేజీ చదివి వినిపిస్తే నా భార్య సత్యవ్వ నన్ను ఎగాదిగా చూసి, “మరి పొద్దుగాల గీ చాయ ఎవలికి పోసిన?” అంది. కాబట్టి నేను బతికే ఉన్నానని, చాయ తాగిన తరువాతే ఈ పత్రం రాయిస్తున్నానని ప్రకటిస్తున్నాను. ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. ఎక్కడైనా కనిపిస్తే అది చెల్లదు.

1. గాంధీనగర్‌లో నా స్వార్జితమైన రెండు గదుల రేకుల ఇల్లు నా తదనంతరం సత్యవ్వకు చెందుతుంది. ఆమె ఉన్నన్నాళ్లు సర్వహక్కులతో అనుభవించాలి. ఆమె తరువాత నా కుమారుడు శ్రీశైలం, నా బిడ్డ వనిత చెరి సగం తీసుకోవాలి.

సత్యవ్వకు ఈ ఇల్లు దానంగా ఇస్తున్నట్టు ఎవరూ అనుకోవద్దు. నేను రాసిన తొమ్మిది యక్షగానాలకూ మొదటి శ్రోత ఆమె. ఆమె రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతుంటే నేను రాసినంత మేరకు పాడి వినిపించేవాణ్ణి. బాగున్న చోట రాట్నం నెమ్మదయ్యేది. బాగులేని చోట వేగం పెరిగేది. నోటితో మాత్రం ఒక్క మాట అనేది కాదు. రాట్నం వేగం పెరిగిన చరణాలన్నీ నేను మారుమాట లేకుండా కొట్టేశాను. “వెంకటేశం రచనలో వ్యర్థపదం ఉండదు” అని ఒకప్పుడు పండితులు మెచ్చుకున్నారు. ఆ మెప్పు సత్యవ్వ రాట్నానిది.

2. షెడ్డులో ఉన్న రెండు సాంచాలు (కరెంటు మగ్గాలు), వాటి సామాను శ్రీశైలానికి. అతను నా పద్యం ఒక్కటి కూడా అప్పజెప్పలేడు. కాని సాంచె చప్పుడు విని ఎక్కడ పోగు తెగిందో చెప్పగలడు. అదీ సంగీత జ్ఞానమేనని నేను అతనికి ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

3. అట్టకు రంగు కాగితం, అద్దం ముక్కలు అతికించి చేసిన రాజవేషం కిరీటం వనితకు. తొమ్మిదో ఏట అది తన తలకు పెట్టమని అడిగింది. “ఆడపిల్లకు కిరీటమెందుకే” అని లాక్కున్నాను. ఇప్పుడు ఆమెకు యాభై. ఈ దానానికి ఒక షరతు ఉంది. కిరీటం పెట్టుకొని ఆమె ఫోటో దిగాలి, ఆ ఫోటో ఇంట్లో నా ఫోటోకన్నా పైన కట్టాలి.

4. నా తొమ్మిది యక్షగానాల రాతప్రతులు వనిత బిడ్డ అఖిలకు. ఆమె డిగ్రీ చదువుతోంది, నా రాత చదవగలిగిన ఒకే ఒక్క మనిషి. ఆ నోటుబుక్కులు ఏమిటో ముందుముందు వారసులకు తెలియాలి గనుక కొంచెం వివరంగా రాయిస్తున్నాను.

1976లో నేను ‘పులిమగ్గం’ రాశాను. భావనారుషి దేవతలకు బట్ట నేసి, పులినెక్కి రాక్షసుల మీదికి యుద్ధానికి పోయే కథ. అతని భార్య భద్రావతి ఖాళీ అయిన మగ్గం ముందు కూర్చొని పాడుతుంది:

తెగిన పోగు కలుపుకుంటి – తెల్లవారె రావయ్య
మిగిలి ఉన్న మూరెడైన – నీకె నేస్త రావయ్య

ఆ దరువు మొదలుకాగానే ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. కోరుట్లలో మూడుసార్లు పాడించుకున్న తరువాతే కథను ముందుకు సాగనిచ్చారు. జగిత్యాల, వేములవాడ, మెట్‌పల్లి, ఎక్కడ ఆట వేసినా పక్క ఊళ్ల నుంచి ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చారు. ఆ రెండు మూడేళ్లలో పుట్టిన ఆడపిల్లలకు భద్రావతి అని పేరు పెట్టుకున్న ఇండ్లు నాకు తెలిసే పదకొండు ఉన్నాయి. వాళ్లిప్పుడు అమ్మమ్మలై ఉంటారు. తమకు ఆ పేరు ఎందుకు పెట్టారో వాళ్లకు తెలియకపోవచ్చు.

5. వేములవాడ బస్టాండు దగ్గర చాయ్ హోటలు నడిపే అంజికి గజ్జెలు, సవరం, ఇత్తడి వడ్డాణం. ఇరవై ఏళ్లు నా భద్రావతి అంజే. మీసం తీసి వేషం కట్టిన రోజుల్లో అతను దారిన పోతుంటే ఆడవాళ్లు ఆపి, “గా ముక్కెర యాడ కొన్నవు వదినా?” అని అడిగేవాళ్లు. వడ్డాణం ఇప్పుడు అతని నడుముకు సరిపోదు. హోటల్లో తగిలించుకున్నా నాకు అభ్యంతరం లేదు.

6. ఈ అంశంలో ఆస్తి లేదు, తప్పు ఒప్పుకోలు ఉంది. వకీలు గారు తీసేయమన్నారు. నేను ఉంచమన్నాను.

భద్రావతి దరువుకు మాటలు నావి. వరుస నాది కాదు. మాటలు రాసుకొని ఏడు నెలలు తిరిగాను. ఏ రాగంలో పెట్టినా అవి బతకలేదు. చివరకు కోరుట్లలో హార్మోనియం వాయించే లస్మయ్య దగ్గరికి పోయాను. కూలికి పోయే ఇంట్లో పుట్టినవాడు, నాకన్నా మూడేళ్లు చిన్న. నా చేత ఆ రెండు చరణాలు చదివించుకొని, కళ్లు మూసుకొని పెట్టె మీద వేళ్లు పెట్టాడు. ఏడు నెలలు బతకని మాటలు లేచి కూర్చున్నాయి. “గీ వరుస ఎక్కడిదే లస్మయ్యా?” అని అడిగాను. “ఎక్కడిదేంది? నాదే అన్నా” అన్నాడు.

ఎనిమిదేళ్లు మా మేళం ఆ పెట్టె మీద నడిచింది. కరపత్రాల మీద మాత్రం ‘రచన, సంగీతం: ఆడెపు వెంకటేశం’ అని వేయించాను. కూలివాడి పేరు పక్కన కనిపిస్తే కొన్ని ఊళ్లు పిలవడానికి వెనకాడతాయని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. అసలు సంగతి అంతకన్నా నీచమైనది. పేరు నాకొక్కడికే కావాలనిపించింది.

1984లో జగిత్యాలలో నాకు సన్మానం చేశారు. శాలువా కప్పి ‘యక్షగాన శిరోమణి’ అన్నారు. మాట్లాడిన పెద్దమనిషి ఆ దరువు వరుసను సాక్షాత్తు సరస్వతి వచ్చి నా చెవిలో చెప్పిందన్నాడు. స్టేజీ పక్కన చాప మీద, పెట్టె ముందు లస్మయ్య కూర్చొని ఉన్నాడు. నేను అతని వైపు చూడలేదు. చేతులు జోడించి జనం వైపు చూశాను. కిందికి దిగేసరికి అతను పెట్టెకు గుడ్డ చుడుతున్నాడు.

“మాటలు నీయి, పెట్టె నాది. నా పెట్టె నేను పట్కొని పోతున్న అన్నా” అన్నాడు.

ఆపితే ఆగేవాడు. నేను ఆపలేదు. ఆ తరువాత నలభై ఏళ్లు మేమిద్దరం మాట్లాడుకోలేదు.

7. వీర్నపల్లి గ్రామస్తులకు ఒక మంగళహారతి. ఇది కూడా దానమే, నవ్వవద్దు.

లస్మయ్య పోయాక ఇంకో హార్మోనియం తెచ్చాను. స్వరాలు అవే, ప్రాణం లేదు. ఇంతలో ఇంటింటికీ టీవీలు వచ్చాయి. వేషగాళ్లు ఒక్కొక్కరే సాంచాల పనికి భీవండి పోయారు, సూరత్ పోయారు. 1997లో వీర్నపల్లిలో మా చివరి ఆట పడింది. చూసేవాళ్లు పద్నాలుగు మంది, అందులో ఐదుగురు మా వేషగాళ్ల చుట్టాలు. కథ సగంలో ఉండగానే ఊరివాళ్లు వచ్చి, “జర ఏమనుకోకుండ్రి, పెండ్లింటికి కావాలె” అని షామియానా విప్పుకొని పోయారు. మంగళం పాడకుండా నేను దిగిన ఆట అదొక్కటే. ఎప్పుడైనా వీలు చూసుకొని, పగటిపూట అఖిల ఆ ఊరికి పోయి ఆ మంగళం పాడి రావాలి. రెండు నిమిషాల పని. షామియానా అవసరం లేదు.

ఆ తరువాత నన్ను మరిచిపోవడం చాలా మర్యాదగా జరిగింది. మొదట ‘యక్షగాన శిరోమణి’ పోయింది, తరువాత ‘కవి గారు’ పోయింది, చివరికి ‘శ్రీశైలం వాళ్ల నాయిన’ మిగిలింది. అఖిల స్నేహితురాళ్లు ఇంటికి వచ్చినప్పుడు, “యక్షగానం అంటే కర్ణాటకల ఉంటది గదా తాతా, మనకు సుత ఉండెనా?” అని అడిగారు. నేను లేచి రెండు దరువులు పాడాను. పాపం, చప్పట్లు కొట్టారు. ఎప్పుడు ఆపాలో మాత్రం వాళ్లకు తెలియలేదు.

8. ఇప్పుడు ఈ పత్రం రాయించడానికి అసలు కారణానికి వస్తున్నాను.

2024 ఆగస్టులో కొడిమ్యాల దగ్గర చుట్టాల ఇంట గృహప్రవేశం ఉంటే అఖిల నన్ను స్కూటీ మీద తీసుకుపోయింది. ఊరు ఇంకా రాలేదు. రోడ్డు పక్క పొలంలో పదిహేను మంది ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తూ పాడుతున్నారు. నా వీపు మీద ఎవరో చరిచినట్టయింది. “బండి ఆపు బిడ్డా” అన్నాను.

తెగిన ఒడ్డు కట్టుకుంటి – తెల్లవారె రావయ్య
మిగిలి ఉన్న మడి ఒక్కటి – కూడి నాటుదాం రావయ్య

అదే వరుస. నా మాటలే, సగం మారిపోయి. ఒడ్డు మీదికి నడిచి, “ఈ పాట ఎవరిదమ్మా?” అని అడిగాను.

ముందు వరుసలో పాట ఎత్తుకుంటున్న ఆమె నడుము నిలబెట్టి నన్ను చూసింది. పేరు లసుమవ్వ అని తరువాత తెలిసింది. “ఎవలిదేంది? మాదే. మా అవ్వలు పాడిండ్రు, మేం పాడుతున్నం” అంది.

“నేను రాసిన” అన్నాను.

పొలమంతా నవ్వింది. లసుమవ్వ నవ్వుతూనే, “నువ్వు పాట రాసినవా? గట్లయితే వరి నేను కనిపెట్టిన! గా చెప్పులు ఇడిసి మడిల దిగు కాకా. ఒక్క సాలు నాటేసి సూపియ్యి, అప్పుడు నమ్ముతం” అంది.

అఖిల కూడా నవ్వుతోంది. నాకు మండిపోయింది. వచ్చి స్కూటీ ఎక్కాను. కొంత దూరం పోయాక ఆ పాట మళ్లీ మనసులో తిరిగింది. ‘కూడి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. నా భద్రావతి మిగిలిన మూరెడు బట్ట ఒక్కతే నేస్తానంటుంది. ఈ ఆడవాళ్ల భద్రావతి, నువ్వూ రా, ఇద్దరం కలిసి చేద్దాం అంటోంది. ఏడు నెలలు తల బాదుకున్నా ఆ మాట నాకు తట్టలేదు. సత్యవ్వ రాట్నం ఆ చరణానికి ఆగిపోయేది. నాకు ఒక్కసారిగా ఎంత సంతోషం కలిగిందంటే, రోడ్డు మీద ఎదురొచ్చిన బస్సుకు చెయ్యి ఊపాను.

ఈ సంగతి చెబితే అర్థం చేసుకోగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. “గృహప్రవేశం వద్దు, కోరుట్లకు పోనియ్యి” అన్నాను.

లస్మయ్య ఇంటి ముందు గడంచె మీద కూర్చొని బీడీ ముట్టించుకుంటున్నాడు. నన్ను చూసి లేవలేదు. “రా. కూసో. మస్తు ముసలోనివైనవ్” అన్నాడు. నేను కూర్చొని ఊపిరి తీసుకోకుండా పొలం ముచ్చటంతా చెప్పాను. వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

“అన్నా, గా వరుస మా అవ్వది. బుచ్చవ్వది. అవ్వ తల్లిగారూరు కొడిమ్యాలనే. నాట్లేసుకుంట గదే వరుస పాడేది. నేనేమొ నాది అని నీకు అబద్ధం చెప్తి. నువ్వేమొ నీది అని లోకానికి చెప్తివి. గా ఆడోళ్లు మాది అంటే వాళ్లదే మరి!”

నలభై ఏళ్లు మేమిద్దరం ఏ ఆస్తి కోసం ముఖాలు తిప్పుకున్నామో, అది నాటు పొలంలో పాడిన అతని తల్లి బుచ్చవ్వది. నేను కూడా నవ్వాను. తరువాత అతని చేతులు పట్టుకొని జగిత్యాల మాట ఎత్తాను. లస్మయ్య నవ్వు ఆపాడు.

“గా దినం నువ్వు నా దిక్కు సూస్తవని సూసిన. సూడకపోతివి” అన్నాడు.

తప్పయిందని అన్నాను. అతను లేచి లోపలికి పోయి పెట్టె మీది గుడ్డ తీశాడు.

9. ఈ సంవత్సరం ఫిబ్రవరిలో కొడిమ్యాలలో, నాట్లు అయిపోయాక, మధ్యాహ్నం పూట ‘పులిమగ్గం’లోని ఆ ఒక్క ఘట్టం ఆడాము. అంజి డెబ్బై ఏళ్ల వయసులో మీసం తీసి భద్రావతి అయ్యాడు. లస్మయ్య చాప మీద కాకుండా స్టేజీ నడుమ కుర్చీలో కూర్చొని వాయించాడు. లసుమవ్వ, ఆమె తోటివాళ్లు వంత పాడారు. వెనక కట్టిన ఫ్లెక్సీ మీద ‘వరుస: బుచ్చవ్వ, హార్మోనియం: లస్మయ్య, మాటలు: ఆడెపు వెంకటేశం, కూడి అన్న మాట: కొడిమ్యాల ఆడబిడ్డలు’ అని అఖిల రాయించింది. దరువు నాలుగుసార్లు పాడించుకున్నారు. చివర్లో లసుమవ్వ మైకు పట్టుకొని, “గీ కాక పాట రాసిండట. అబద్ధమో నిజమో నాకెర్కలేదు గని, మంచిగనే రాసిండు” అంది. నాకు శిరోమణి బిరుదు ఇచ్చిన రోజు రాని నిద్ర ఆ రోజు హాయిగా పట్టింది.

ఆ పాటను ఎవరో ఫోనులో తీసి ‘పాత జానపదం’ అని పెట్టారట. లక్షలమంది విన్నారని శ్రీశైలం వచ్చి, “నాయినా, నీ పేరు ఎయ్యలే వాళ్లు. నోటీసు పంపుదమా?” అని అడిగాడు. నా మీద ప్రేమతోనే అడిగాడు. నా పేరు కోసం నా కొడుకు కోపం తెచ్చుకోవడం అదే మొదటిసారి. అయినా ఇందుమూలంగా రాయించేదేమంటే: భద్రావతి దరువు మీద నాకు ఏమైనా హక్కు ఉంటే దాన్ని వదులుకుంటున్నాను. ఎవరైనా పాడవచ్చు, మాటలు మార్చవచ్చు, పేరు వేయకపోవచ్చు. నా వారసులెవరూ నోటీసులు, కేసులు వేయరాదు. వేసినవాళ్లు ముందుగా లసుమవ్వ ఎదుట మడిలో దిగి ఒక సాలు నాటి చూపించాలి. మిగతా ఎనిమిది యక్షగానాలకు అఖిల యజమాని. ఎక్కడ మెరుగైన మాట దొరికినా నా మాట కొట్టేసి అది రాసుకోవచ్చు.

10. లస్మయ్యకు ఈ వీలునామాలో ఏమీ ఇవ్వడం లేదు. సాక్షి సంతకం చేసేవారికి ఏమీ రాయకపోవడమే మంచిదని వకీలు గారు చెప్పారు. నాకు అతని సంతకమే కావాలి. అందుకని ఇవ్వవలసింది ముందే ఇచ్చేశాను. ఫిబ్రవరిలో జనం ముందర ఆ జగిత్యాల శాలువా అతనికి కప్పాను. చెదలు రెండు చోట్ల తిన్నాయి. “గా తూట్ల శాలువానా కప్పేది?” అని సత్యవ్వ కోప్పడింది. లస్మయ్య మాత్రం దాన్ని పెట్టె మీద కప్పుతున్నాడు. పెట్టెకు గాలి ఆడుతోందట.

11. నేను పోయిన పన్నెండో రోజున ఎవరూ విషాదంగా కూర్చోవద్దు. నేను రాసినవాటిలో నవ్వులు ఎక్కువున్నది ‘నారదుని ముల్లె’. అందులో నారదుడి మూటను కోతి ఎత్తుకుపోయే భాగం చదవాలి. చదివేటప్పుడు శ్రీశైలం కోతి వేషం వేయాలి. ఇది నా చివరి కోరిక గనుక కాదనడానికి అతనికి వీలుండదు. భోజనంలో బగార అన్నం తప్పనిసరి.

12. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా బిడ్డ వనితది. ఇది నా మరణానంతరం అమలులోకి వస్తుంది. అంతవరకు దీన్ని మార్చుకునే హక్కు నాకుంది. కొత్త యక్షగానం ఒకటి మొదలుపెట్టాను గనుక మార్చుకునే అవసరం పడవచ్చు.

పై సంగతులన్నీ నేను చెప్పగా జిరాక్స్ సెంటరు అరవింద్ టైపు చేశాడు, అఖిల చదివి వినిపించింది, నాకు సమ్మతమై సాక్షుల ఎదుట సంతకం చేశాను.

సిరిసిల్ల
తేది: 9 నవంబరు 2025, ఆదివారం

(సంతకం) ఆడెపు వెంకటేశం

సాక్షులు:

1. అరవింద్, జిరాక్స్ సెంటరు, గాంధీనగర్, సిరిసిల్ల. పొద్దున పదిన్నరకు సంతకానికి పిలిచారు, సాయంత్రం ఆరింటికి సంతకం చేశాను.

2. లస్మయ్య, కోరుట్ల. ఎంకటేశమన్న నా ముందట దస్కత్ చేసిండు. మంచి సోయిల ఉన్నడు. కాయితం సదువుతుంటె నడుమల రెండుసార్లు పాటెత్తుకున్నడు. రెండోసారి నేను పెట్టె తీసిన. గందుకే గింత పొద్దువోయింది.